దిల్‌సుఖ్‌నగర్ బస్టాప్ ముందర రెండు ముక్కల రోడ్డు

2011 ఎండాకాలం. ఒకరోజు బంద్, ఇంకోరోజు రాస్తారోకో, మధ్యలో ఏ రోజు దొరికితే ఆ రోజు పని. పెద్ద అంబర్‌పేట్ దగ్గర, విజయవాడ హైవేకు కాస్త లోపలగా మా హాట్ మిక్స్ ప్లాంట్ నడిచేది. కంకరను వేడిచేసి, కరిగిన తారు పోసి, రోడ్డు మీద పరిచే నల్లటి మాల్ తయారుచేసే చోటు అది. తారును మేం కాగితం మీద బిటుమెన్ అని రాస్తాం, నోటితో తారనే అంటాం. నేను అక్కడ క్వాలిటీ కంట్రోల్ ఇంజనీరును. కంకర ఎంత, తారు ఎంత, వేడి ఎంత అని తేల్చేది నేనే. నేను ఊఁ అననిదే లారీ గేటు దాటేది కాదు. ప్లాంటు ఓనరు, ఆయన్ని మేమంతా సేటు అనేవాళ్లం, నన్ను పేరుతో పిలిచేవాడే కాదు. "డాక్టర్" అనేవాడు.

నా హస్తవాసి గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. మీర్‌పేట్‌లో నేను వేయించిన రోడ్డు మీద ఒకసారి సిమెంటు లారీ బోల్తాపడింది. సొట్ట రోడ్డుకు పడలేదు, లారీకి పడింది. నమ్మలేనివాళ్లు సగం తీసేసి మిగతా సగం నమ్మండి. నన్ను ఎరిగినవాళ్లంతా అట్లనే చేస్తారు.

అంతటి డాక్టరును కూడా ముప్పుతిప్పలు పెట్టిన రోగి ఒకటుంది. దిల్‌సుఖ్‌నగర్ బస్టాప్ ముందరి రోడ్డు. నిండుగా జనాన్ని ఎక్కించుకున్న బస్సు అక్కడికొచ్చి బ్రేకు కొడుతుంది. దాని వెనకే ఇంకోటి, దాని వెనకే ఇంకోటి. ఎండకు మెత్తబడిన తారు ప్రతి బ్రేకుకూ ఇంతింత ముందుకు జరిగి, చివరికి చాపను కాలితో నెడితే ముడతపడ్డట్టు అలగా లేస్తుంది. దీన్ని షవింగ్ అంటారు. మేం ప్రతి ఏడూ గీకి కొత్తది వేసేవాళ్లం, ప్రతి ఏడూ అది లేచేది. నేను తప్పు బస్సులదనేవాణ్ని. బస్సులు నోరు తెరిచి కాదనవు కదా.

అట్లాంటి సమయంలో మా ప్లాంటులో దిగాడు రవీంద్రబాబు.

రోడ్డు మాల్‌లో కలిపే పాలియెస్టర్ పోగులు, అంటే ఫైబర్, అమ్మే కంపెనీ తరఫు మనిషి. ఇల్లు వనస్థలిపురం. వాళ్ల నాన్న గుంటూరు దిక్కు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడట. తెల్ల చొక్కాతో వచ్చి, రోజంతా ప్లాంటంతా తిరిగి, తెల్ల చొక్కాతోనే వెళ్లేవాడు. నా పెళ్లి చొక్కా మీద కూడా తారు మచ్చ ఉంది. ప్లాంటుకొచ్చి మచ్చ పడకుండా పోయేవాణ్ని ఎట్ల నమ్మాలో నాకు అర్థం కాలేదు.

సేటు క్యాబిన్‌లో సంచీ విప్పి, పిడికెడు తెల్లటి పోగులు తీసి బల్ల మీద పోశాడు.

"సన్నగా, గోరంత పొడవు కత్తిరించినవండి. కంకర మధ్య అన్ని దిక్కులకీ పరుచుకుని పట్టుకుంటాయి. పగులు పుట్టినా పాకనివ్వవు. తారుని కూడా జారిపోకుండా ఆపుతాయండి."

"అంటే చీర పోగులే గద సార్?" అన్నాను.

"దాదాపు ఆ జాతేనండి."

"మరి రోడ్డుకు రవిక ఎప్పుడు కుట్టిస్తున్రు?"

సేటు నవ్వలేదు. నా మాటకు ఆయన నవ్వకపోవడం అదే మొదటిసారి. ఇంకో దెబ్బ వేశాను.

"మా నల్గొండల మట్టిగోడ పెట్టేటప్పుడు మట్టిల వరిగడ్డి కలిపి తొక్కుతరు. గోడ పగలదు. గీ తెలివి మా నాయినమ్మకే ఉండె. గింత దానికి కంపెనీ ఎందుకు సార్?"

రవీంద్రబాబు మొహం వెలిగిపోయింది. "ఎంత బాగా చెప్పారండీ! సరిగ్గా అదేనండి!"

మరునాడు క్యాబిన్ బయట నిలబడి ఉంటే లోపల్నుంచి వినబడింది. నా మట్టిగోడ, నా వరిగడ్డి, మా నాయినమ్మతో సహా, అతని తియ్యటి గొంతులో. సేటు తొడ చరిచి అంటున్నాడు: "అబ్బ! ఎంత మంచిగ చెప్పిన్రు బాబూ! మా డాక్టరుకు చెప్పరాదు, ఎంతసేపు బస్సుల మీదనే పడి ఏడుస్తడు."

ఆ రోజు నేను అన్నం సరిగా తినలేదు. మా ఆవిడ "పరేషాన్ల ఉన్నవేంది?" అంటే ఎసిడిటీ అన్నాను.

తర్వాత ల్యాబులో మార్షల్ టెస్ట్ పెట్టాం. మాల్‌ను డబ్బాలాంటి అచ్చులో పోసి, సుత్తితో కొట్టి గట్టిబిళ్ల చేసి, మండువేసవి రోడ్డంత వేడిగా ఉండే నీళ్లలో కాసేపు నానబెట్టి, పక్కల నుంచి నొక్కుతారు. ఎంత బరువుకు విరుగుతుందో చూస్తారు. నా బిళ్ల మంచి బరువే మోసి, టప్పున రెండు చెక్కలైంది. అతని బిళ్ల ఇంకొంచెం ఎక్కువ మోసి, వంగి, నలిగి, పగుళ్లిచ్చి, అయినా విడిపోలేదు. లోపల పోగులు పట్టుకునే ఉన్నాయి. చేత్తో విరవబోయాను, రాలేదు. మోకాలికేసి విరిచాను. మోకాలు వాచింది. అది మాత్రం సగం తీసేయాల్సిన పనిలేదు, పూర్తిగా నిజం.

సేటు తీర్పు చెప్పాడు. "లొల్లి వద్దు డాక్టర్. బస్టాప్ ముందర ఎన్క సగం ఆయన మాల్, ముంగట సగం నీ మాల్. నడుమ సున్నం గీత. వచ్చే ఎండాకాలం దాకా చూస్త. ఏది అల లేవకుంట ఉంటదో గా మనిషి మాట మీదనే ప్లాంటు నడుస్తది. ఎల్బీనగర్‌ల మనకు రాబోయే పెద్ద రోడ్డు పని గూడ గా మాట మీదనే."

అంటే నా ఊఁ కు, అతని ఊఁ కు పోటీ. ఏళ్ల తరబడి ఆ ఊఁ ఒక్కటే నా ఆస్తి.

అప్పటినుంచి అతని పనిలో తప్పు వెతకడమే నా డ్యూటీ. నా మాల్‌ను ఎన్నడూ అంత శ్రద్ధగా చూసి ఎరగను. అతని మాల్ మొదటి బ్యాచ్ పగ్‌మిల్‌లో, అంటే రెక్కలు తిరుగుతూ కంకర, తారు కలిపే పెద్ద తొట్టిలో పడగానే, కిందకెళ్లి పార పెట్టి తిరగేశాను. దొరికాయి! తల దువ్వితే దువ్వెనకొచ్చే చిక్కుల్లాంటి పోగుల ఉండలు. ఒకటి కాదు, గుప్పెడు. జాతరలో తప్పిపోయిన పిల్లలు దొరికినంత సంబరపడి, చేతులు కాలుతున్నా ఏరి, తట్టలో వేసుకుని సేటు ముందు పెట్టాను.

"చూడు సేట్. రోడ్డుకు పేను చిక్కులు పడ్డయ్!"

రవీంద్రబాబు కంగారుపడి తట్టలోకి వంగి చూశాడు. సంగతి నాకు ముందే తెలిసింది. మా ఆపరేటరు అలవాటు కొద్దీ కంకర పడిందో లేదో తారు వాల్వు తిప్పేస్తాడు. పోగులు పొడి కంకరతో కాసేపు తిరిగి విడివడాలి, తారు తర్వాత పడాలి. తారు ముందే తగిలితే ఉండ కడతాయి. నేను ఇంత వివరం చెప్పి, "ఇది మా ప్లాంటుకు పనికిరాని సరుకు" అని ముగించాను.

"పనికిరాకపోవడం కాదండి, మీరు చెప్పినట్టు తారు ఆలస్యంగా వదిలితే సరిపోతుంది," అని అతను ఆపరేటరు దగ్గరకు పరుగెత్తాడు. మరుసటి బ్యాచ్‌లో ఎంత వెతికినా ఒక్క ఉండ దొరకలేదు. రోగిని చంపుదామని పోసిన మందుకు రోగి లేచి కూర్చున్నాడు.

రోడ్డు వేసింది బంద్ రోజున, పట్టపగలు. మామూలు రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో పగలు రోడ్డు వేయడమంటే గంగానదిని పక్కకు జరగమనడమే. ఆ రోజు బస్సుల్లేవు, దుకాణాల్లేవు. మా టిప్పర్లకు ముందు "జై తెలంగాణ" బ్యానరు కట్టించాం, హయత్‌నగర్ దగ్గర ఆపినవాళ్లు అది చూసి దారిచ్చారు. బ్యానరు ముడి వదులుగా ఉందని దిగి గట్టిగా బిగించింది రవీంద్రబాబే.

రోలర్ నడిపేది యాకోబు. మా నల్గొండ జిల్లావాడే, ఏటా క్రిస్మస్‌కు నా ఇంటికి కేకు తెచ్చేవాడు. రవీంద్రబాబు ముక్క మీద రోలర్ తిప్పుతూ తిప్పుతూ పైనుంచి కేకేశాడు.

"సార్! గీ మాల్ మస్తుగున్నది. రోలర్ కింద మెదలకుంట కూసుంటున్నది!"

"నిన్ను అడిగిన్నా?" అన్నాను. "గీ పారి కేకు ఎవరింటికి తెస్తవ్?"

"ఇద్దరికి తెస్త సార్."

"సగం సగమా?"

"లేదు సార్, రెండు కేకులు." వాడికి నా బాధ అర్థం కాలేదు. రెండో కేకు ఉండటమే నా బాధ.

మరునాడు పొద్దున్నే రెండు ముక్కలూ చూద్దామని వెళ్తే, రోడ్డంతా జనం. ఆ రోజు అక్కడ వంటా వార్పు. ఉద్యమం రోజుల్లో రోడ్డు మీదే మూడు రాళ్లు పెట్టి, కట్టెల పొయ్యి అంటించి, అక్కడే వండి అక్కడే తినేవాళ్లు. డప్పులు, పాటలు, పిల్లాజెల్లా. వండే ఆడవాళ్లకు పెద్ద భారతక్క. కొత్తపేటలో కర్రీ పాయింట్ నడిపేది, సొంతూరు సూర్యాపేట దిక్కు. ఆమె అప్పటికే గంపంత వంట డేగిశ దించి రాళ్లు పెట్టిస్తోంది. ఎక్కడంటారా? రవీంద్రబాబు ముక్క నడుమ. అక్కడ పెద్ద హోర్డింగు నీడ ఉంది.

ఒక్క పూట కింద వేసిన రోడ్డు. ఇంకా గట్టిపడలేదు. దాని మీద కట్టెల మంట!

నా కడుపులో చల్లగా అనిపించిందా? అనిపించింది. ఎంతసేపు? రెప్పపాటు. ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. రేపు ఈ ముక్క పాడైతే సేటు ఏమంటాడు? "పాపం, మంట పెట్టిన్రు గద, బాబు తప్పేమున్నది, ఇంకోపారి ఏద్దాం" అంటాడు. అతను ఓడిపోడు, అతనికి సాకు దొరుకుతుంది. ఓడిన మనిషికి సాకు దొరికితే గెలిచినవాడికి రుచేముంది? ఆ రోడ్డు బస్సుల చేతిలోనే పోవాలి, ఎండలోనే పోవాలి, నిండు ఆరోగ్యంతో ఉండి పోవాలి. పరుగెత్తాను.

"అక్కా, ఆగు ఆగు! గీడ పొయ్యి వెట్టకు!"

"ఏంది తమ్మి? రోడ్డు నీ అయ్య జాగీరా?"

"నిన్ననే ఏసినం అక్కా. మంట తగిలితే తారు ఉడుకుతది."

"మరి గింతమందికి నా నెత్తి మీద ఒండాల్నా?"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. ఆటో యూనియన్ పిల్లగాడు ఒకడు ముందుకొచ్చి, "ఎవలేసిన్రన్నా గీ రోడ్డు? ఆంధ్రోళ్లా?" అన్నాడు.

నవ్వులు ఆగాయి. రవీంద్రబాబు అప్పుడే వచ్చి నా వెనక నిలబడ్డాడు, చేతిలో కెమెరా. అతను నోరు తెరిస్తే మొదటి "అండి" కే అందరికీ తెలిసిపోతుంది. నేను ఒక్క ముక్క అంటే చాలు, పొయ్యి అక్కడే వెలిగేది, ఆ కెమెరా కూడా కింద పడేదేమో.

"గిది నాది," అన్నాను. "నల్గొండోని చెయ్యి. గా సున్నం గీత అవతలిది గీ సార్‌ది, వనస్థలిపురం సార్. ఆడ వెట్టుకోండ్రి పొయ్యిలు."

భారతక్క అతన్ని కిందినుంచి మీదికి చూసింది. "ఏం బాబూ, నీ రోడ్డు మీద ఒండుకుంటే ఏమన్న అంటవా?"

రవీంద్రబాబు నా వంక చూశాడు, గీత వంక చూశాడు. "వండుకోండమ్మా," అన్నాడు.

"మంచోడే ఉన్నడు. ఒండినంక నువ్వు గూడ తిని పో. అన్నం కాడ మనకు పంచాయితి లేదు."

అట్ల నా ముక్క మీద, డివైడర్ వారగా, పొయ్యిలు వెలిగాయి. యాకోబు ఎక్కడినుంచో నాలుగు తట్టల ఇసుక తెచ్చి కింద పోశాడు గానీ, రెండు మూడు చోట్ల తారు ఉడకనే ఉడికింది. ఆ రోజు పులిహోరలో కొంచెం తారు వాసన వచ్చిందంటారు. నాకైతే రుచి పెరిగిందనిపించింది. భారతక్క రవీంద్రబాబుకు అడక్కుండానే రెండోసారి వడ్డించింది. నేను అడిగితే, "జర ఆగు తమ్మి, వెనక మంది ఉన్నరు" అంది.

తిన్నాక అతను నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీ రోడ్డు కాల్చుకుని నాది కాపాడారండి. నన్ను కూడా కాపాడారు. ఇక నుంచి మీరు నాకు అన్నగారు."

శత్రువు తిడితే ఓర్చుకోవచ్చు, కొడితే తిరిగి కొట్టొచ్చు. అన్నగారూ అంటే ఏం చేస్తాం? సేటుకు చెప్పాడు, ప్లాంటంతా చెప్పాడు. సేటు నా భుజం తట్టి, "నీ మనసు గింత పెద్దదని నాకు తెల్వకపాయె డాక్టర్" అన్నాడు. అన్నేళ్లు చేసిన పనికి రాని మెప్పు, చేయని పుణ్యానికి వచ్చింది. అది కూడా అతని నోటి నుంచి రావాల్సి వచ్చింది.

వానాకాలం పోయింది, చలికాలం పోయింది. వారం వారం బస్సెక్కి మలక్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా వచ్చేవాణ్ని. బస్టాప్‌లో దిగి, ఏ బస్సూ ఎక్కకుండా నిలబడి రోడ్డునే చూస్తుంటే, అక్కడి పూలమ్మే ఆమె ఒకనాడు "ఎవరికోసం కొడుకా వచ్చినప్పుడల్ల గిట్ల చూస్తవ్?" అని జాలిపడింది. పగుళ్ల కోసమని ఎట్ల చెప్పను?

ఎండలు ముదిరాక సేటు, నేను, రవీంద్రబాబు కలిసి వెళ్లాం. స్ట్రెయిట్ ఎడ్జ్ అని పొడవాటి వంకరలేని బద్ద ఒకటుంటుంది. దాన్ని రోడ్డు మీద పరిచి, కింద సందు ఎంతుందో చూస్తే ఎత్తుపల్లాలు తెలిసిపోతాయి. అతని ముక్క మీద పెట్టాం. గోరు కూడా దూరలేదు. నా ముక్క మీద పెట్టాం. బద్ద పక్కకు ఒరిగింది. చెప్పులో కాలు దూర్చినట్టు సందులో బొటనవేలు పట్టింది.

బస్సు ఒకటి వచ్చి హారన్ కొట్టింది.

"సార్, ఈ పోటీ చెల్లదండి," అన్నాడు రవీంద్రబాబు. "అన్నగారి ముక్క మీద ఆ రోజు పొయ్యిలు పెట్టారు. మంట తిన్న తారుకి బలం ఉండదు. న్యాయంగా ఇంకోసారి పక్కపక్కన వేద్దామండి."

సేటు నా మొహంలోకి చూశాడు. "గంతేనా డాక్టర్? మంటతోటేనా?"

అతనికి దొరక్కూడదని నేను పరుగెత్తి లాక్కున్న సాకు, ఇస్తరాకులో పెట్టి నాకే వడ్డించాడు. ఊఁ అంటే చాలు. ఇంకో ఏడాది ప్లాంటు నా మాట మీద నడుస్తుంది. ల్యాబు నాది, డాక్టర్ నేను. కానీ అదంతా అతను దయతలిచి ఇచ్చింది అవుతుంది. పొద్దున లేచి ఆ కుర్చీలో కూర్చున్నప్పుడల్లా అతని భిక్ష మీద కూర్చున్నట్టే. దానికంటే రోలర్ కింద పడుకోవడం నయం.

"కాదు సేట్," అన్నాను. "పొయ్యిలు డివైడర్ దిక్కు పెట్టిన్రు. అల లేసింది బస్సులాగే కాడ, ఫుట్‌పాత్ దిక్కు. రెండిటి నడుమ లారీ పట్టేంత జాగ ఉన్నది. ఆడ మంట లేదు, పొగ లేదు. నా మాల్ బ్రేకులకు ఆగలే. ఆయన మాల్ ఆగింది."

సేటు తల ఊపాడు. అంతే. ఏళ్ల నాటి నా ఊఁ, బస్టాప్‌లో నిలబడి ఉండగానే, చేతులు మారింది.

"ఎల్బీనగర్ పని ఇగ మీరు చెప్పినట్టే బాబూ," అన్నాడు సేటు.

"ఒక్క షరతండి," అన్నాడు రవీంద్రబాబు. "నా మాల్ ఏ లారీ అయినా అన్నగారు చూసి సరేనంటేనే గేటు దాటాలి."

"ఎందుకు? మీ మీద మీకే నమ్మకం లేదా?"

"ఉందండి. కానీ అంత కుళ్లుతో చూసే కళ్లు నాకు ఇంకెక్కడ దొరుకుతాయండి?"

నేను బిత్తరపోయాను. అతను నవ్వుతున్నాడు. "నాకు తెలియదనుకున్నారా అన్నగారూ? చేతులు కాల్చుకుని ఆ ఉండలు ఏరింది నా మీద ప్రేమతో కాదు కదండీ. కానీ మీరు ఏరకపోతే ఆ ముక్క వానాకాలంలోనే లేచిపోయేది. పొయ్యిల సంగతి మాత్రం ఇప్పటికీ అర్థం కాలేదు."

దాని సంగతి నేను చెప్పలేదు. ఇదే మొదటిసారి రాస్తున్నాను. చదివితే చదవనీ.

ఈ వృత్తిలో ఇన్నేళ్లు గడిపాక నాకు తెలిసిందేమిటంటే, మన మేలు కోరేవాడి చూపు మన పని మీద నుంచి జారిపోతుంది. "మనోడిదే కదా" అంటుంది, రెండు మెచ్చుకోళ్లు వేసి వెళ్లిపోతుంది. మనమంటే పడనివాడి చూపు మాత్రం ప్రతి కంకర రాయి దగ్గరా ఆగుతుంది. నా మాల్‌ను అంత పట్టుగా చూసిన పగవాడు నాకు ఎన్నడూ లేడు, అందుకే అది అట్ల తయారైంది. పోగు కలపడం గొప్పే. అది సరిగా కలిసిందో లేదో కళ్లలో వత్తులేసుకుని చూసే ఈర్ష్యపరుడు గేటు దగ్గర ఉండటం అంతకంటే గొప్ప.

ఎల్బీనగర్ పని పొడుగునా ఆ గేటు దగ్గర నేనే నిలబడ్డాను. ప్రతి లారీ ఎక్కాను, ప్రతి లారీలో పార గుచ్చి తిరగేశాను. ఒక్కటంటే ఒక్కటి వాపసు పంపే అదృష్టం అతను నాకు కలగనివ్వలేదు. దానికి మాత్రం నేను అతన్ని ఇంకా క్షమించలేదు.